నీటి అడుగున గాలి వలయం: ఫొటో తీయడం, కొలవడం



గోదావరి జిల్లాల్లో పెరిగిన నా వయసు వాళ్లకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. సాయంత్రం పూట తాతగారు అరుగు మీద కూర్చుని లంక పొగాకు చుట్ట వెలిగించేవారు. పిల్లలం చుట్టూ చేరి "తాతా, రింగులు వదులు" అని పోరుపెట్టేవాళ్లం. ఆయన నోరు గుండ్రంగా పెట్టి, బుగ్గ మీద వేలితో చిన్నగా తట్టేవారు. పొగ ఒక్కొక్క వలయంగా బయటికొచ్చి, వెడల్పవుతూ, సాగిపోతూ దూలం దాకా వెళ్లేది. చుట్ట చేసే కీడు మీకు తెలిసిందే, దాని జోలికి ఇప్పుడు పోను. ఆ పొగ వలయానికి నీటిలో ఒక తోబుట్టువు ఉంది. ఈతగాడు కొలను అడుగున వెల్లకిలా పడుకుని, నోటితో ఒక్క ఊపున గాలి వదిలితే, ఆ గాలి వెండి కంకణంలా గుండ్రంగా తిరుగుతూ పైకి వస్తుంది. దాన్ని ఫొటో తీయడం ఎలా, తీసిన ఫొటోతో ఏం తెలుసుకోవచ్చు అన్నవే ఈనాటి ప్రసంగానికి విషయాలు.

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కాలాపేట ఉంది. 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఇక్కడే. తెలుగువారి యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే కాబట్టి, ఇక్కడ చెవికి తెలుగు సోకడం వింతేమీ కాదు. కొన్నేళ్ల క్రితం ఒక సెలవుల శిబిరం కోసం నేను కొంతమంది హైస్కూలు పిల్లలతో కాలాపేటలో ఉన్నాను. దగ్గరలో ఉన్న ఒక ఈత కొలను రెండు ఉదయాలు మాకు దొరికింది. ఎదురుగా బంగాళాఖాతమే ఉండగా కొలనెందుకు అని మీరు అడగవచ్చు. ఈ తీరంలో అలలు విరిగేచోట నీటిలో ఇసుక లేచి ఉంటుంది, చేయి చాపితే వేళ్లు కనిపించవు. పైగా వలయానికి కదలని నీరు కావాలి. అందుకే కొలను.

మొదటి రోజు ఫొటోలు చాలా అందంగా వచ్చాయి. వాటిని చూసి నేను పిల్లలకు ఒక తప్పు చెప్పాను. ఆ తప్పు దగ్గరికి తరువాత వస్తాను. ముందు ఈ వలయం ఎలా ఏర్పడుతుందో, గాలి అందులోంచి ఎందుకు తప్పించుకుపోదో చూద్దాం.

మామూలుగా నీటిలో గాలి వదిలితే బుడగలు వస్తాయి. పెద్ద బుడగ ఒకటి ఒక్కసారిగా విడుదలయిందనుకోండి. లోతు పెరిగితే పీడనం పెరుగుతుంది కాబట్టి, బుడగ పైభాగం దగ్గర కంటే అడుగుభాగం దగ్గర నీటి పీడనం ఎక్కువ. ఆ తేడా వల్ల అడుగున ఉన్న నీరు బుడగలోకి సొట్టలా పైకి చొచ్చుకువస్తుంది. అది పైకప్పును తాకిన క్షణంలో బుడగకు నడుమ చిల్లు పడుతుంది, బుడగ గారె ఆకారంలోకి మారుతుంది. 1963లో వాల్టర్స్, డేవిడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు బుడగ ఇలా వలయంగా మారడాన్ని వివరంగా పరిశీలించి ప్రచురించారు. చిల్లులోంచి నీరు పైకి దూసుకుపోతుంది, వెలుపలి వైపు కిందికి దిగుతుంది. అంటే గాలి గొట్టం చుట్టూ, దాని పొడవునా, నీరు సుడి తిరుగుతూనే ఉంటుంది. గోదావరిలో సుడిగుండం చూసినవారు, ఆ సుడి రెండు కొసలనూ కలిపి కంకణంగా చుట్టినట్టు ఊహించుకోండి.

సుడి నడుమ పీడనం తక్కువగా ఉంటుంది. గాలి తేలిక కాబట్టి తక్కువ పీడనం ఉన్న ఆ నడుమనే చిక్కుకుని ఉండిపోతుంది. ఒక చిన్న లెక్క చూడండి. గొట్టం అంచున నీరు సెకనుకు 1.6 మీటర్ల వేగంతో తిరుగుతుందనుకుందాం. అప్పుడు అక్కడ తగ్గే పీడనం దాదాపు 13 సెంటీమీటర్ల ఎత్తున్న నీటి పీడనానికి సమానం. గొట్టం మందం 2 సెంటీమీటర్లే అయితే, దాని పైఅంచుకూ కిందిఅంచుకూ ఉండే పీడనం తేడా 2 సెంటీమీటర్ల నీటికి మించదు. గాలిని పైకి లాగేసే శక్తి కంటే లోపల పట్టి ఉంచే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువన్నమాట. అందుకే గాలి తప్పించుకోదు.

1858లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఇలాంటి సుడుల నియమాలను గణితంలో రాశాడు. 1867లో ఎడింబరోలో టెయిట్ అనే ఆచార్యుడు పొగపెట్టెతో వలయాలు వదిలి చూపిస్తే, లార్డ్ కెల్విన్‌కు అణువులు కూడా ఇలాంటి సుడి వలయాలే అయి ఉండవచ్చునన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన నిలవలేదు. కానీ దాన్ని పట్టుకుని టెయిట్ ముడులను లెక్కగట్టి పట్టికలు వేయడం వల్ల గణితంలో ముడుల శాస్త్రానికి పునాది పడింది. 2013లో షికాగో విశ్వవిద్యాలయంలో క్లెక్నర్, ఇర్విన్ ప్రయోగశాలలో నిజంగానే ముడివేసిన సుడులను నీటిలో సృష్టించారు. ఆ సుడి ఎక్కడుందో కంటికి కనిపించడానికి వాళ్లు వాడినవి కూడా సన్నని గాలి బుడగలే.

ఇక అసలు చిక్కు ప్రశ్న. గాలిని నీరు పైకి తోస్తుంది, అదే ఉత్ప్లవన బలం. పైకి తోసే బలం ఆగకుండా పనిచేస్తుంటే వస్తువు వేగం పెరగాలి కదా? వలయం విషయంలో అలా జరగదు. అది వెడల్పవుతుంది, పైగా నెమ్మదిస్తుంది. పిల్లలను అడిగితే అందరూ వేగం పెరుగుతుందనే చెప్పారు. మొదట చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

కారణం ఇది. బలం పనిచేస్తున్నంతసేపూ నీటిలోకి ద్రవ్యవేగం చేరుతూ ఉంటుంది. సుడి వలయానికి ఉండే ద్రవ్యవేగం రెండింటి మీద ఆధారపడుతుంది: సుడి బలం, వలయం చుట్టుకున్న వైశాల్యం. సుడి బలం దాదాపు మారదు. మరి చేరుతున్న ద్రవ్యవేగం ఎక్కడికి పోవాలి? వైశాల్యం పెరగాల్సిందే. అంటే వ్యాసార్ధపు వర్గం కాలంతో పాటు సమానంగా పెరగాలి. 1957లో జె. ఎస్. టర్నర్ తేలిపోయే సుడి వలయాల గురించి ప్రచురించిన పరిశోధనా వ్యాసం చెప్పేది ఇదే. వేగం తగ్గడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. వలయంలో ఎదురెదురు భాగాలు ఒకదాన్నొకటి పైకి మోసుకుపోతుంటాయి. వలయం వెడల్పై అవి దూరమైన కొద్దీ ఆ మోత బలహీనపడుతుంది.

ఇది పుస్తకంలో చదివి ఒప్పుకోవచ్చు. లేదా ఒక కొలను, ఒక కెమెరా, ఒక గ్రాఫు కాగితం పెట్టుకుని మీరే సరిచూసుకోవచ్చు. నాకు రెండోదే ఇష్టం.

కెమెరా దగ్గరికి వెళ్లే ముందు, దయచేసి ఈ ఒక్క విషయం శ్రద్ధగా చదవండి. మొదటి రోజు ఉదయం, తొమ్మిదో తరగతి కుర్రాడొకడు తానూ వలయం వదులుతానని, గట్టున నిలబడి పదేపదే గబగబా ఊపిరి పీల్చి వదలడం మొదలుపెట్టాడు. ఎక్కువ గాలి నింపుకుంటున్నానని వాడి ఉద్దేశం. నేను పక్కనే ఉండి కూడా పట్టించుకోలేదు, కెమెరా సర్దుకుంటున్నాను. కోచ్‌గారు చూసి చేయి పట్టుకుని వెనక్కి లాగారు. మనకు ఊపిరి తీసుకోవాలన్న ఆత్రం పుట్టేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. గబగబా ఊపిరి తీసి వదిలితే శరీరంలో ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు గానీ కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోతుంది. దానితో హెచ్చరిక గంట మోగదు. నీటి కింద ఆక్సిజన్ అయిపోతున్నా ఇబ్బంది తెలియదు, తెలియకుండానే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లు, లోతు తక్కువ కొలనుల్లో, నిశ్శబ్దంగా ప్రాణాలు పోగొట్టుకునేది ఇలాగే. గాలి వలయం వదలడంలో ఊపిరి బిగబట్టడమే కాదు, ఉన్న గాలిని బయటికి వదిలేయడం కూడా ఉంది, కనుక ప్రమాదం మరీ ఎక్కువ. అందుచేత వలయం వదిలే పని శిక్షణ పొందిన పెద్దవారిదే. ఒకరు వదులుతుంటే మరొకరు గట్టున వారినే చూస్తూ నిలబడాలి, ఆ మనిషి చేతిలో కెమెరా ఉండకూడదు. ఒక వలయానికీ మరో వలయానికీ మధ్య మామూలుగా ఊపిరి తీసుకుంటూ రెండు మూడు నిమిషాలు ఆగాలి. పిల్లలు నీటిలోకి దిగకుండానే ఫొటో తీయవచ్చు, ఎలాగో చెబుతాను.

మాకు వలయాలు వదిలింది ఆ కోచ్‌గారే. ఎనిమిదడుగుల లోతులో, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, ముఖం నిటారుగా పైకి పెట్టి, 'ప' అక్షరం పలికినట్టు పెదవులతో గాలిని తెంపి వదిలేవారు. తల కాస్త వాలితే వలయం వంకరగా పోయి గోడకు తగిలేది. గాలి మెల్లగా వదిలితే వట్టి బుడగలే. తెంపు ముఖ్యం. తాతగారు బుగ్గ మీద తట్టిన తట్టు గుర్తు చేసుకోండి.

ఇప్పుడు వెలుగు సంగతి. గాలి వలయానికి రంగు లేదు, మరి వెండిలా ఎందుకు మెరుస్తుంది? నీటిలో ప్రయాణించే కాంతి గాలి ఉపరితలాన్ని 48.6 డిగ్రీల కంటే ఎక్కువ కోణంలో తాకితే బయటికి పోలేక పూర్తిగా వెనుదిరుగుతుంది. పదో తరగతిలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే, ఆ 48.6 డిగ్రీలే సందిగ్ధ కోణం. అందువల్ల గొట్టం అంచులు అద్దంలా మెరుస్తాయి, నడుమ భాగం పారదర్శకంగా ఉంటుంది. అంచుల మెరుపు బాగా కనిపించాలంటే వెనుక చీకటి ఉండాలి. మేము ఎదుటి గోడకు నల్ల గుడ్డ వేలాడదీశాం. నీలి పలకల గోడ వెనుక ఉంటే పలకల గీతలు వలయంలోంచి కనిపించి కొలత గందరగోళమవుతుంది.

కెమెరా మీదనే ఉన్న ఫ్లాష్ వాడకండి. నీటిలో తేలే నలుసులన్నీ ఆ వెలుగులో మెరిసి, ఫొటో నిండా మంచు కురిసినట్టు పడుతుంది. వెలుగు పక్క నుంచి రావాలి. ఉదయపు ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, ఎవరూ ఈదకముందే, వడపోత పంపు కాసేపు ఆపించి తీస్తే చాలు. నీటి ఉపరితలం కదులుతుంటే అడుగున వెలుగు గీతలు నాట్యం చేస్తాయి, చూడడానికి బాగుంటుంది గానీ వలయం అందులో కలిసిపోతుంది.

షటర్ వేగం ఎంతుండాలి? వలయం సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి వస్తోందనుకుందాం. షటర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే, ఆ లోపల వలయం దాదాపు 17 మిల్లీమీటర్లు జరుగుతుంది. గొట్టం మందమే అంతుంటుంది, కాబట్టి ఫొటోలో మసక తప్ప మరేమీ మిగలదు. 1/1000 సెకను అయితే ఒక మిల్లీమీటరే. మసాచుసెట్స్‌లో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల నుంచి మెరుపు దీపాలతో చేసిన పని ఇదే, వెలుగునే కత్తిరించి కాలాన్ని ఆపడం. పాలచుక్క కిరీటంలా ఎగిసిన ఆయన 1957 నాటి రంగుల ఫొటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఇవాళ ఆ దీపాలు లేకుండానే నీరు చొరని చిన్న కెమెరాలు, కొన్ని ఫోన్లు కూడా సెకనుకు 120 చిత్రాలు తీస్తున్నాయి. ఫోకస్‌ను మాత్రం కెమెరా ఇష్టానికి వదలకండి. తేట నీటిలో పట్టుకోవడానికి ఏమీ దొరక్క అది ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది, అంతలో వలయం వెళ్లిపోతుంది. వలయం వచ్చే చోట ఒక కర్ర నిలబెట్టి, దాని మీద ఫోకస్ చేసి, అక్కడే బిగించండి.

ఇక నా తప్పు. మొదటి రోజు కెమెరాను నీటి పైభాగంలో, కిందికి చూసేలా పట్టుకున్నాం. వలయం నేరుగా లెన్సు వైపే వస్తుంటే ఫ్రేములో పెద్దదవుతూ, పెద్దదవుతూ చివరికి తెరంతా నిండింది. నేను ఉత్సాహం పట్టలేక, "చూశారా, ఎన్ని రెట్లు పెరిగిందో!" అన్నాను. యానాం నుంచి వచ్చిన ఒక అమ్మాయి మెల్లగా అడిగింది: "మేష్టారూ, బస్సు మన దగ్గరికొచ్చే కొద్దీ పెద్దదిగా కనబడుద్ది కదండీ. ఇదీ అంతేనేమోనండీ?"

అంతే. దూరం 2 మీటర్ల నుంచి అర మీటరుకు తగ్గితే, ఏమాత్రం పెరగని వలయం కూడా ఫొటోలో నాలుగు రెట్లు పెద్దదిగా పడుతుంది. నేను చూపించిన పెరుగుదలలో వలయం పెరిగిందెంతో, దగ్గరైందెంతో విడదీసే దారి లేదు. ఆ ఉదయం తీసిన ఫొటోలన్నీ గోడకు తగిలించుకోవడానికే పనికొచ్చాయి.

రెండో రోజు కెమెరాను పక్కకు మార్చాం. కొలను నిచ్చెనకు, లోతులో సగం దగ్గర, అడ్డంగా చూసేలా కట్టాం. పిల్లలెవరూ దిగనక్కర్లేదు, కెమెరా దానంతటదే తీసుకుపోతుంది. పక్క నుంచి చూస్తే వలయం గుండ్రంగా కనిపించదు, చదునైన గీతలాగో సన్నని కోడిగుడ్డు ఆకారంలోనో కనిపిస్తుంది, అందం సగం పోతుంది. కానీ వలయానికీ కెమెరాకూ మధ్య దూరం పెద్దగా మారదు కాబట్టి అడ్డంగా కనిపించే వెడల్పు నిజమైన వెడల్పే. వలయం లేచే దారి పక్కనే, కెమెరా నుంచి అంతే దూరంలో, ప్రతి 10 సెంటీమీటర్లకూ నల్ల టేపు చుట్టిన ప్లాస్టిక్ గొట్టాన్ని నిలబెట్టాం. ఇది నీటిలోనే ఉండాలి. నీటి వక్రీభవన గుణకం 1.33 కావడం వల్ల, చదునైన గాజు వెనుక ఉన్న కెమెరాకు నీటిలోని వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. కొలబద్ద కూడా అదే నీటిలో, అదే దూరంలో ఉంటే దానికీ అదే మోసం జరుగుతుంది, ఆ రెండూ చెల్లుకు చెల్లవుతాయి.

తరువాతి పని బల్ల మీద. సెకనుకు 120 చిత్రాలయితే ప్రతి పన్నెండో చిత్రం తీసుకోండి, పదో వంతు సెకనుకు ఒక కొలత వస్తుంది. వలయం వెడల్పులో సగం వ్యాసార్ధం. దాన్ని వర్గం చేసి నిలువు అక్షం మీద, కాలాన్ని అడ్డ అక్షం మీద గుర్తించండి. వలయం ఇంకా కుదురుకోని మొదటి ఒకటి రెండు కొలతలు వదిలేయండి. నీటి ఉపరితలం దగ్గరైనప్పుడు వలయం వేరే కారణంగా కూడా విచ్చుకుంటుంది, అందుచేత చివరివీ వదిలేయండి. మా కాగితం మీద చుక్కలు గీతకు అటూ ఇటూ కాస్త జరిగినా, సరళరేఖను దాచలేకపోయాయి. ముందురోజు నన్ను ఆపిన అమ్మాయే స్కేలు పెట్టి గీసింది.

మరో సరిచూపు కూడా ఉంది. వలయంలో ఉన్న గాలి ఎక్కడికీ పోలేదు కాబట్టి, అది వెడల్పయిన కొద్దీ గొట్టం సన్నబడాలి. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, గొట్టం సగం మందం 1 సెంటీమీటరు అనుకుంటే, లోపలి గాలి దాదాపు 200 మిల్లీలీటర్లు, ఒక గ్లాసెడు. వ్యాసార్ధం 20కి పెరిగితే గొట్టం సగం మందం 0.7 సెంటీమీటరుకు దిగాలి. లోతు తగ్గే కొద్దీ గాలి వ్యాకోచిస్తుంది కనుక ఈ లెక్కకు చిన్న సవరణ అవసరం. ఎనిమిదడుగుల లోతు నుంచి పైకి వచ్చేసరికి గాలి ఘనపరిమాణం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. గొట్టం మరీ సన్నబడితే తలతన్యత దాన్ని అక్కడక్కడా నొక్కేస్తుంది. కుళాయి సన్నధార కిందికి దిగేసరికి చుక్కలుగా తెగినట్టు, వలయం బుడగల దండగా తెగిపోతుంది. ఆ తెగే క్షణం మా కెమెరాకు ఒక్కసారే చిక్కింది.

ఈ ఆట మనుషులే కనిపెట్టారని అనుకోకండి. డాల్ఫిన్లు తలమీది ముక్కురంధ్రం నుంచి గాలి వలయాలు వదిలి, వాటి వెంట ఈది ఆడుకోవడాన్ని మార్టెన్, షరీఫ్, సరకోస్, వైట్ 1996లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వివరించారు. కొన్ని డాల్ఫిన్లు ముందుగా రెక్కతో కంటికి కనబడని సుడిని పుట్టించి, ఆ తరువాత అందులోకి గాలిని ఊదుతాయి. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు 11 కలిసి 39 వలయాలు వదిలిన సందర్భాలు నమోదయ్యాయి. వాటిలో చాలా భాగం పడవల వైపో ఈతగాళ్ల వైపో వచ్చి వదిలినవే. అవి మనతో ఏదో చెప్పబోతున్నాయా అన్న చర్చ ఉంది, నేను మాత్రం ఆ తిమింగలాలకు సరదా అయి ఉండవచ్చునని అనుకుంటాను.

కొలను, కోచ్ అందుబాటులో లేనివారు ఇంట్లోనే ఈ కుటుంబంలోని మరో వలయాన్ని చూడవచ్చు. చదునైన గోడలున్న గాజు పాత్రలో నీరు నింపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక్క సిరా చుక్క వదలండి. అది వలయంగా మారి కిందికి దిగుతుంది, కాసేపటికి తెగి చిన్న చిన్న వలయాలకు జన్మనిస్తుంది. 1885లో జె. జె. థామ్సన్, న్యూవాల్ శ్రద్ధగా పరిశీలించినవి ఇవే వలయాలు. వెనుక తెల్ల కాగితం, పక్క నుంచి వెలుగు, పక్క నుంచే కెమెరా. కొలవడానికి స్కేలు కూడా పెట్టండి, పాత్ర బయట కాదు, నీటి లోపల, చుక్క దిగే దారి పక్కనే.